ఖుద్దూస్ కొట్టేసుకున్న పేరు

కువైట్‌లో, హవల్లీలోని ఆ ఇండియన్ స్కూలుకు నలభై ఏళ్ళు నిండాయని మెట్ల పక్కన గోడకు నల్లరాతి పలకలు బిగించి, దానికి ‘హాల్ ఆఫ్ ఫేమ్’ అని పేరు పెట్టారు. గోడకు హాల్ అన్న పేరేమిటని అడక్కండి, పెట్టినవాళ్ళకు లేని అనుమానం మనకెందుకు? ర్యాంకులు తెచ్చిన పిల్లలు, తలలు నెరిసేదాకా పాఠాలు చెప్పిన టీచర్లు, బిల్డింగు ఇప్పించిన పెద్దమనుషులు, అందరి పేర్లూ బంగారు రంగు అక్షరాల్లో ఎక్కాయి. ఆటల పలకలో అన్నిటికన్నా పైన ‘బాలికల బాస్కెట్‌బాల్, తొమ్మిదిసార్లు ఛాంపియన్లు’ అని చెక్కారు. దాని కింద ‘కోచ్: బి. నాగేంద్రప్రసాద్’ అని ఉంది.

పలకలు బిగించినప్పుడు రాలిన రాతిపొడి ఊడ్చినవాడు అబ్దుల్ ఖుద్దూస్. ఆ పిల్లల్ని తొమ్మిదిసార్లూ గెలిపించినవాడు కూడా అతనే. సొమ్మొకడిది సోకొకడిది అని మీరు అనేలోపు ఒక మాట చెప్పాలి. ఇందులో దొంగ ఎవడూ లేడు. ఉంటే నాలుగు తిట్టి మనసు తేలిక చేసుకునేవాళ్ళం. తన పేరు తానే కొట్టేసుకున్నవాణ్ణి ఏమని తిట్టేది?

ఖుద్దూస్‌ది నందలూరు. వాళ్ళ నాయన అక్కడి రైల్వే లోకోషెడ్డులో ఖలాసీ. షెడ్డువాళ్ళ కోసం కట్టిన సిమెంటు కోర్టు ఒకటి, తుప్పు పట్టిన రింగులు రెండూ ఉండేవి. రిటైరైన ఫైర్‌మన్ ఒకాయన సాయంత్రం పూట పొద్దుపోక పిల్లల్ని పోగేసి ఆట నేర్పేవాడు. మొదటి రెండు నెలలూ బాలు ముట్టుకోనిచ్చేవాడు కాదు. ఒట్టి కాళ్ళ పనే. ఎలా నిలబడాలి, ఎలా పక్కకు జరగాలి, ఎలా ఆగాలి. విసుగుపుట్టి సగం మంది పారిపోయేవాళ్ళు. ఖుద్దూస్ పారిపోలేదు. జిల్లా జట్టుకు ఆడాడు, ఒక ఏడు రాష్ట్రం పోటీలకూ వెళ్ళొచ్చాడు. ఈలోగా ఆవిరింజన్లు పోయాయి, షెడ్డు మూతపడింది. బాస్కెట్‌బాల్ అన్నం పెట్టదని తెలిశాక డ్రైవింగు నేర్చుకున్నాడు. కుల్సుమ్ బీని పెళ్ళి చేసుకున్నాడు. కూతురు యాస్మిన్ బోర్లపడటం కూడా నేర్వకముందే, సల్వాలో ఒక కువైటీ ఇంటికి డ్రైవరుగా ఖాదిం వీసా మీద విమానమెక్కాడు.

ఖాదిం వీసా అంటే ఇంటిపనికి ఇచ్చే వీసా. అది ఉన్నవాడు వీసా ఇచ్చిన యజమాని, అంటే కఫీల్ ఇంట్లో తప్ప బయట చీపురు పట్టినా నేరమే. పట్టుబడితే వేలిముద్రలు తీసుకుని ఊరికి పంపేస్తారు. అంతటితో పోదు. బయటికి వదిలిన కఫీల్ మీద కేసు, ఆ ఇంటి ఫైలు మూత, ఇక ఆ ఇంటి పనివాళ్ళెవరి వీసా ముందుకు సాగదు. కడప జిల్లా నుంచి వచ్చినవాళ్ళలో ఈ సంగతి తెలియనివాడు లేడు, తెలిసీ బయట పని చేయనివాడూ తక్కువే. అందుకే వాళ్ళకొక అలవాటు. పని చేసే చోట ఫోటోకు నిలబడరు, ఏ కాగితం మీదా పేరు పడనివ్వరు. అదే వాళ్ళ జాగ్రత్త.

సల్వా ఇంటి పెద్దాయన నాలుగేళ్ళకే పోయాడు. మిగిలింది ఆయన భార్య. ఇంట్లో పనిచేసే అందరికీ ఆవిడ మామా, అక్కడ యజమానురాలిని పిలిచే పిలుపు అది. ఆవిడ మధ్యాహ్నం భోంచేసి నడుం వాలిస్తే పొద్దుగూకే మగ్రిబ్ నమాజు దాకా లేచేది కాదు. కారు పక్కన కుర్చీ వేసుకుని గోళ్ళు గిల్లుకునే ఖుద్దూస్‌ను చూసి ఒకరోజు, “రూహ్, యా ఖుద్దూస్! పో, నాలుగు చోట్లా తిరుగు. బాంగు వేళకు వచ్చెయ్” అంది అరబీలో. తెలిసినవాళ్ళు హవల్లీ స్కూల్లో పని చూపించారు. బాళ్ళకు గాలి కొట్టాలి, నెట్లు కట్టాలి, దుమ్ముగాలి వచ్చిపోయాక కోర్టు మీద ఇసుక ఊడ్చాలి. కాగితం లేదు, పత్రం లేదు. పనికి రమ్మన్నారు, వెళ్ళాడు.

అప్పుడే అనంతపురం నుంచి కొత్తగా వచ్చిన పీఈటీ నాగేంద్రప్రసాద్ క్రికెట్ మనిషి. ఆయన నెత్తిన బాస్కెట్‌బాల్ పెట్టారు. ఆయన విజిల్ ఊదుతుంటే ఆడపిల్లలు కోళ్ళు చెదిరినట్టు అటూ ఇటూ పరుగెత్తేవాళ్ళు. ఖుద్దూస్ చీపురు పట్టుకుని నాలుగు రోజులు చూశాడు. ఐదో రోజు ఓర్చుకోలేకపోయాడు.

“సార్, తప్పుగా అనుకోవాకండి. ఆ పాప రెండు కాళ్ళూ దగ్గర పెట్టుకోని నిలబడుకోనుంటే బాలు యాడ పట్టుకుంటాది సార్?”

“నీకు తెల్సునాప్పా ఈ ఆట?”

“రోంత తెల్సు సార్.”

ఆ రోంత ఎంతో వారం తిరక్కముందే నాగేంద్రప్రసాద్‌కు తెలిసిపోయింది. మెడలోని విజిల్ తీసి అతని చేతిలో పెట్టబోయాడు. ఖుద్దూస్ వెనక్కు జరిగాడు.

“అది మీ మెళ్ళోనే ఉండనీండి సార్. నా మెళ్ళో చూస్తే ఎవురన్నా అడుగుతారు.”

అలా మొదలైంది. ప్రాక్టీసులో గీత బయట చీపురుతో నిలబడి చెప్పేవాడు. మొదటి రెండు నెలలూ బాలు లేదు, ఒట్టి కాళ్ళ పనే. “కాళ్ళకు చదువు రాకుంటే చేతులేం చేస్తాయి పాపా” అని అతని పాట. ఏడ్చిన పిల్లల్ని ఏడవనిచ్చేవాడు, మానేస్తామన్నవాళ్ళను బతిమాలేవాడు. పిల్లలందరికీ అతను చాచా.

మ్యాచ్‌లకు వేరే ఏర్పాటు. అక్కడ కుర్చీ నుంచి లేచి అరిచే హక్కు పేరు రాయించుకున్న కోచ్‌కే ఉంటుంది. ఖుద్దూస్ నీళ్ళవాడు. బెంచీ చివర నేల మీద కూర్చుని సీసాలు వరసగా పెట్టుకునేవాడు. నీలం మూత సీసా నిలబడి ఉంటే వెనక్కు వెళ్ళి రింగు కాచుకోవాలి. పడుకోబెడితే ముందుకెళ్ళి మీద పడాలి. రెండు సీసాలు జరిగి ఒకచోట చేరితే పొడుగు పిల్ల మీద ఇద్దరు కాపలా. ఎదుటి జట్ల కోచ్‌లు గొంతులు పోయేలా అరిచేవాళ్ళు, నాగేంద్రప్రసాద్ మాత్రం చేతులు కట్టుకుని హుందాగా కూర్చునేవాడు. ఎంత ప్రశాంతమైన కోచ్ అని అందరూ మెచ్చుకునేవాళ్ళు. ఆయన ప్రశాంతంగా ఉండక ఏం చేస్తాడు, ఆట నేల మీద నడుస్తుంటే?

2010 ఫైనల్లో కెప్టెన్ అరుణజ్యోతి. రాజంపేట పిల్ల, తండ్రి ఒక కంపెనీలో ఇంజనీరు, పుట్టి పెరిగింది కువైట్‌లోనే. ఆఖరు నిమిషంలో ఒక్క పాయింటు వెనకబడి ఉన్నారు. ఖుద్దూస్ సీసాలన్నీ ఒకేసారి పడుకోబెట్టేశాడు. ఆ గుర్తు అంతకుముందెప్పుడూ వాడలేదు, ఎవరికీ నేర్పలేదు. అరుణజ్యోతి ఒకసారి చూసి, తను కాస్తున్న పిల్లను వదిలేసి అడ్డం పడి బాలు లాక్కుని రింగులో వేసింది. గెలిచారు. కప్పు పట్టుకుని ఫోటోకు నిలబడుతూ పిల్లలు “చాచా, చాచా” అని కేకలు పెడితే, అతను ఖాళీ సీసాలు ఏరుకునే నెపంతో బల్ల కింద దూరాడు. తొమ్మిది కప్పులకు తొమ్మిది ఫోటోలున్నాయి. ఒక్కదాంట్లోనూ అతని మొహం లేదు.

నాగేంద్రప్రసాద్ మంచివాడు. మనసు పీకి ఒక ఏడాది పోటీల ఫారంలో ‘సహాయ కోచ్: అబ్దుల్ ఖుద్దూస్’ అని రాసి, కవర్లో పెట్టి, పోటీల ఆఫీసులో ఇచ్చి రమ్మని అతని చేతికే ఇచ్చాడు. ఖుద్దూస్ బస్సులో కవరు విప్పి చూసుకున్నాడు. తన పేరు ఇంగ్లీషు అక్షరాల్లో చక్కగా ఉంది. రెండు స్టాపుల దాకా చూస్తూ కూర్చున్నాడు. తర్వాత పక్కాయన దగ్గర పెన్ను అడిగి, వెలుతురుకు పట్టి చూసినా కనపడనంతగా నల్లగా కొట్టేశాడు. కాగితం కొంచెం చిరిగింది కూడా.

మరునాడు నాగేంద్రప్రసాద్ కోప్పడితే, “నా పేరు యాడన్నా పడితే మామా పేరు పోలీస్ స్టేషన్‌లో పడ్తాది సార్” అన్నాడు. ఆ తర్వాత ఆయన ఎప్పుడూ రాయలేదు.

నందలూరులో యాస్మిన్ పెరిగింది. బడిలో నాన్న ఏం పని చేస్తాడో రాయమన్నారని ఫోన్ చేసి అడిగితే, డ్రైవరని రాయమన్నాడు. రెండేళ్ళకోసారి సెలవు మీద వెళ్ళినప్పుడు ఆ పిల్ల కొత్త చుట్టాన్ని చూసినట్టు చూసేది. “నాకు సైకిలు గూడా మా మేనమామనే నేర్పె” అని ఒకసారి మామూలుగానే అంది. ఊళ్ళోవాళ్ళ ఆడపిల్లలకు ఆట నేర్పినవాడికి ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. ఇప్పుడు యాస్మిన్ రాజంపేటలో టీచరు. ఇరవై ఏడేళ్ళు తన అబ్బా అక్కడ ఏం చేశాడో ఆమెకు సరిగ్గా తెలీదు. కుల్సుమ్ బీకి తెలిసిందల్లా బాళ్ళకు గాలి కొడతాడని. “గాలి కొట్టి కొట్టి నీ ఊపిరే పాయ” అని దెప్పేది.

ఈ ఏడు మోకాళ్ళు మొరాయించాయి. ఇంక ఖలాస్ అనుకున్నాడు. నెల రోజుల్లో ఊరికి పోవాలని నిశ్చయమైంది. సరిగ్గా అప్పుడే గోడకు పలకలు ఎక్కాయి.

అరుణజ్యోతి ఇప్పుడు ఫిజియోథెరపిస్టు, పూర్వ విద్యార్థుల సంఘానికి కార్యదర్శి. పలక చూసి ఆ పిల్ల నిప్పు తొక్కినట్టు ఎగిరిపడింది. కోర్టు దగ్గరికొచ్చి చీపురు లాక్కుంది.

“నీ పేరేది చాచా?”

“నాకేంటికి పాపా పేరు? సార్ పేరుండాది గదా.”

“సారు ఏం చేసినాడో నాకు తెలీదా? చేతులు కట్టుకోని కూర్చున్నాడు. నేను ఊరుకోను చాచా.”

ఊరుకోలేదు. లండన్లో ఉన్నదాన్ని, బెంగుళూరులో ఉన్నదాన్ని, అందర్నీ పట్టుకుని పద్నాలుగు మంది చేత ఉత్తరాలు రాయించింది. పోటీల ఆఫీసు పాత ఫైళ్ళన్నీ తిరగేసి, నల్లగా కొట్టేసిన ఆ ఫారం వెతికి పట్టుకుంది. “ఈ మచ్చ కింద నీ పేరే ఉండాది. కాదని చెప్పు చూద్దాం” అంది. ఖుద్దూస్ ఆ మచ్చ వైపు చూడలేకపోయాడు. నాగేంద్రప్రసాద్ రిటైరై అనంతపురంలో ఉంటున్నాడు. ఆయన ఫోన్ చేశాడు. “నన్ను ఫంక్షన్‌కు పిలిచినారు ఖుద్దూసప్పా. ఏ మొగం పెట్టుకోని వచ్చేది? నువ్వు ఊ అను, నా పేరు తీసేయమని నేనే రాసిస్తా” అన్నాడు.

అంతవరకూ పేరు గురించి తలవనివాడికి అప్పుడు ఆశ పుట్టింది. యాభై ఏడేళ్ళ వయసులో పుట్టే ఆశ మంచిది కాదు, మనిషిని కుదురుగా ఉండనివ్వదు. రోజూ ఊడ్చే నెపంతో మెట్ల దగ్గరికి వెళ్ళి, పలక మీద నాగేంద్రప్రసాద్ పేరు కింద ఎంత ఖాళీ ఉందో వేళ్ళతో కొలిచేవాడు. తన పేరు పొడుగు. అయినా పడుతుంది. ఎటూ ఊరికి పోయేవాడే, గోడ మీది పేరుకు వీసా ఎవరడుగుతారు అనుకున్నాడు. ఆ శుక్రవారం యాస్మిన్‌కు ఫోన్ చేసి మొదటిసారి అంతా చెప్పాడు. కాళ్ళ పని, సీసాలు, తొమ్మిది కప్పులు.

“ఇన్నేళ్ళు ఏమిటికి చెప్పలేదు అబ్బా?” అంది యాస్మిన్. “గోడమీద పడినాక ఫోటో పంపు. అమ్మీకి చూపిస్తా. మా బళ్ళో పిల్లోళ్ళకు గూడా చూపిస్తా.”

ప్రిన్సిపాల్ ఇండియా నుంచి వచ్చి రెండేళ్ళే అయింది. ఉత్తరాలు చదివి ఆవిడ కరిగిపోయింది. గోడకెక్కే ప్రతి మనిషీ ఒక ఫారం నింపాలి. ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా ఏ పనిలో ఉన్నారో రాసి, సివిల్ ఐడీ కాపీ జత చేయాలి. అంతే కదా అనుకుని ఆ ఫారం అరుణజ్యోతి చేతికిచ్చి పంపింది. ఆ పిల్లకూ అంతే తెలుసు. చాచా స్కూలు వీసా మీదే ఉన్నాడని చిన్నప్పటి నుంచీ అనుకుంటోంది.

ఖుద్దూస్ ఫారం తీసుకుని సల్వాకు వచ్చాడు. తన సివిల్ ఐడీ తీసి చూసుకున్నాడు. వీసా ఖాదిం అని ఉంది, కఫీల్ పేరు దగ్గర మామా పేరుంది. తనకైతే భయం లేదు. ఎటూ పోయేవాడే, వాళ్ళు పంపినా పోవడమే. మామాకు ఎనభై దాటాయి, మంచం దిగలేదు. దాపరికం చేతకాక ఆవిడ ముందే కూర్చుని సంగతంతా చెప్పాడు. ఆవిడ విని నవ్వింది. రాసుకో, నేనే పంపానని చెప్తాను, ఈ ముసలిదాన్ని వాళ్ళేం చేస్తారు అంది. ఖుద్దూస్ కళ్ళు తుడుచుకున్నాడు.

మంచం అవతల సంజీవమ్మ దుప్పట్లు మడతపెడుతోంది. రాయచోటి మనిషి, పదకొండేళ్ళుగా మామాను ఎత్తి కూర్చోబెట్టేదీ, స్నానం చేయించేదీ ఆమే. ఆమె ఇఖామా, అంటే ఆ దేశంలో ఉండే అనుమతి కూడా ఇదే ఫైల్లో ఉంది. వచ్చే నెల రెన్యూవల్. ఖుద్దూస్ బయటికొచ్చాక వెనకాలే వచ్చి నిలబడింది.

“అన్నా, ఫైలు మూస్తే నా ఇఖామా కొట్టరంట గదా?”

“ఎవురు చెప్పినారు?”

“ఎవురూ చెప్పల్యా. నాకు తెల్సు గదన్నా.” మళ్ళీ తనే, “నువ్వు రాసుకోన్నా. నీది గూడా న్యాయమే. ఇరవై ఏండ్ల కష్టం” అంది. పట్టుకోవడానికి ఏమీ లేక కొంగు చేత్తో పట్టుకుంది.

వద్దని ఏడ్చి ఉంటే బాగుండేది. రాసుకోమంది. ఆ ఫారం వారం రోజులు అతని దిండు కింద అలాగే ఉంది.

ఎనిమిదో రోజు ప్రిన్సిపాల్ గది నుంచి పిలుపు వచ్చింది. వెళ్ళేసరికి అరుణజ్యోతి అక్కడే ఉంది. ఉత్తరాల కట్ట ఒళ్ళో పెట్టుకుని, అతన్ని చూసి మెరిసే మొహంతో లేచింది. ప్రిన్సిపాల్ మొహంలో మాత్రం ఆ పాత కరుగుదల లేదు. ఆవిడ పక్కన మందూబ్ కూర్చుని ఉన్నాడు. స్కూలు తరఫున ప్రభుత్వాఫీసుల చుట్టూ తిరిగే మనిషి. ఉత్తరాల సంగతి అతని చెవిన పడింది. ఎవడీ మనిషి, ఏ వీసా మీద ఉన్నాడు, ఇన్నేళ్ళు మన స్కూల్లో ఎలా పనిచేశాడు అని అతను అడిగిన మూడు ప్రశ్నలతో ఆవిడకు చెమటలు పట్టాయి. బల్ల మీద ఒక కాగితం సిద్ధంగా ఉంది.

“ఖుద్దూస్ గారూ, ఒక్కటే అడుగుతాను,” అంది ఆవిడ, చూపు కాగితం మీద నుంచి తిప్పకుండా. “ఈ పిల్లలు రాసినట్టు మీరు ఇక్కడ కోచ్‌గా పనిచేశారా?”

“చెప్పు చాచా” అంది అరుణజ్యోతి.

అవునంటే ఏమవుతుందో ఆ గదిలో తెలియనిది ఆ పిల్ల ఒక్కదానికే. మందూబ్ కళ్ళెత్తి చూస్తున్నాడు. ఇక్కడ కాకపోతే బయటికెళ్ళాక ఆ పిల్లకు చెప్పుకోవచ్చు కదా అని మీరనొచ్చు. చెప్తే ఊరుకునే రకమా? చేజారిన బాలు వదలకూడదని నేర్పింది తనే. పేపరుకెక్కుతుంది, ఎంబసీకెక్కుతుంది, చివరికి మామా పేరూ సంజీవమ్మ పేరూ లాగి బయట పెడుతుంది. ఇవన్నీ నిలబడ్డచోటే అతనికి తోచాయి.

“లేదు మేడమ్,” అన్నాడు. “నేర్పింది సారే. నేను ఊరికే చూసేకి వస్తాంటి.”

అరుణజ్యోతికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఉత్తరాల కట్ట అతని ముందుకు చాచింది.

“పద్నాలుగు మందిమి అబద్ధాలు రాసినామా చాచా? మా కాళ్ళకు చదువు చెప్పింది ఎవురు మరి?”

ఖుద్దూస్ తన జీవితంలో చెప్పిన పెద్ద అబద్ధం, తనను నమ్మిన పిల్ల మొహాన చెప్పాల్సి వచ్చింది. అంతకన్నా ఎవరైనా చెంపమీద కొట్టి ఉంటే ఓర్చుకునేవాడు.

“నీకోసం ఎంతమంది కాళ్ళు పట్టుకున్నానో తెల్సునా?” అంది. ఏడుపు ఆపుకోలేక కట్ట అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది. తలుపు దానంతట అదే మూసుకుంది.

మందూబ్ కాగితం ముందుకు తోశాడు. ప్రిన్సిపాల్ దాన్ని అతనికి చదివి వినిపించింది. అబ్దుల్ ఖుద్దూస్ అనే నేను ఈ స్కూల్లో ఏనాడూ ఏ పనీ చేయలేదు, ఎవరికీ ఏ ఆటా నేర్పలేదు, బాస్కెట్‌బాల్ అంటే ఇష్టం కొద్దీ అప్పుడప్పుడు ఆట చూడటానికి వచ్చిపోయేవాణ్ణి అని ఉంది అందులో. చదువుతుంటే రెండుచోట్ల ఆవిడ గొంతు తడబడింది. రోజూ అతను ఊడ్చిన మెట్ల మీదుగానే ఆవిడ ఆ గదికి వస్తుంది.

“సివిల్ ఐడీ కావల్లనా మేడమ్?”

“దీనికి అక్కర్లేదు.”

అతను పెన్ను తీసుకుని, తొందరపడకుండా, ఒక్క అక్షరం కూడా చెదరకుండా పేరంతా రాశాడు. ఇరవై రెండేళ్ళలో ఆ స్కూలు కాగితం మీద కొట్టివేత లేకుండా అతని పేరు పడటం అదే మొదలు. ప్రిన్సిపాల్ దాన్ని ఫైల్లో పెట్టి, అతని వైపు చూడకుండానే, “ఇక రేపటి నుంచి మీరు చీపురు పట్టుకోవద్దు. బాగుండదు,” అంది. తర్వాత పాపం ఏమనాలో తెలియక, “మ్యాచ్‌లు చూడ్డానికి మాత్రం ఎప్పుడైనా రండి” అంది.